వానలు పడితే వంటింట్లో చీమల బారులు: స్ప్రే కొట్టినకొద్దీ కొత్త చోట్ల వస్తున్నాయి

వరండా_మొక్కలు అడిగిన ప్రశ్న:

నేల మీద కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు. ఎండాకాలమంతా ఉక్కపోత, దాంతోపాటే గట్టి వానలు, చలికాలం కూడా పెద్ద చలి ఉండని ప్రాంతం. వానలు మొదలైతే చాలు, సింకు వెనక, బాత్రూం కిటికీ చట్రం దగ్గర, ఒక స్విచ్ బోర్డు అంచున సన్న చీమల బారులు కనిపిస్తున్నాయి. తల నల్లగా ఉంటుంది, వెనక భాగం పాలిపోయినట్టు ఉంటుంది. డబ్బా స్ప్రే కొడితే ఆ బారు పోతుంది. వారం తిరిగేసరికి వేరే గదిలో రెండు బారులు మొదలవుతాయి.

పెస్ట్ కంట్రోల్ వాళ్లను ఇద్దరిని అడిగాను. ఒకరు మూడు నెలలకోసారి ఇంట్లో గోడల అడుగునంతా మందు కొడతామన్నారు. రెండోవారు స్ప్రే అసలు వద్దు, జెల్ మాత్రమే పెడతామన్నారు. ఎవరి మాట సరైనది? పనికి పిలిచే ముందు వాళ్లను ఏమేం అడగాలి? ఇంట్లో పాకే పాప ఉంది, పిల్లి కూడా ఉంది.

---

క్రిమి_పరిశీలన:

మీరు చెప్పిన గుర్తులన్నీ ఘోస్ట్ చీమవే. శాస్త్రీయ నామం టాపినోమా మెలనోసెఫాలమ్. పొడవు సుమారు 1.5 మి.మీ. తల, రొమ్ము ముదురు రంగు, పొట్ట, కాళ్లు దాదాపు పారదర్శకం. అందుకే లేత రంగు టైల్ మీద నల్ల చుక్క ఒకటే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. వేలితో నలిపితే పాడైన కొబ్బరి వాసన వస్తుంది. ఖాయం చేసుకోవాలంటే నాలుగైదు చీమలను పారదర్శకమైన టేపుకు అంటించి, తెల్ల కాగితం మీద పెట్టి, ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటో తీయండి.

దీంతో పొరబడే అవకాశం ఉన్నది ఫారో చీమ. అది సుమారు 2 మి.మీ. ఉంటుంది, ఒళ్లంతా పసుపు, పొట్ట చివర మాత్రమే ముదురు. నడుము దగ్గర రెండు బుడిపెలు ఉంటాయి. ఘోస్ట్ చీమకు ఉన్న ఒక్క బుడిపె పొట్ట కింద దాగిపోతుంది. ఒళ్లంతా ఒకే గోధుమ రంగులో, 2.2 నుంచి 2.8 మి.మీ. ఉండి, వెడల్పైన బారులు కట్టేది అర్జెంటీనా చీమ. ఏ దిక్కూ లేనట్టు అడ్డదిడ్డంగా పరుగెత్తే పొడుగు కాళ్ల ముదురు చీమ క్రేజీ చీమ. ఏ చీమో తెలియకుండా మందు ఎంచుకోవడం కుదరదు. మీ ఇంటికి వచ్చేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: "ఇది ఏ చీమండీ?" జవాబు చెప్పకుండా స్ప్రేయర్ గొట్టం విప్పేవాళ్లకు పని అప్పగించకండి.

స్ప్రే కొడితే ఎందుకు పెరుగుతున్నాయంటే, ఘోస్ట్, ఫారో చీమల గూళ్లలో రాణి ఒక్కటే ఉండదు. చాలా రాణులు ఉంటాయి. డబ్బా స్ప్రేల్లో ఉండేది ఎక్కువగా పైరిథ్రాయిడ్ మందు. అది చీమను వెంటనే చంపుతుంది, దాని ఘాటుకు మిగతావి దూరం జరుగుతాయి. అలా చెదిరినప్పుడు బతికిన కూలి చీమలు కొన్ని గుడ్లను, పిల్లపురుగులను, ఒకటో రెండో రాణులను వెంటబెట్టుకుని పక్క గోడలో వేరు కాపురం పెడతాయి. మీరు చూస్తున్న రెండు కొత్త బారులు అవే. పైగా బయట తిరిగే చీమలు గూటి జనాభాలో చిన్న వంతు. వాటిని తుడిచేసినా లోపల రాణులకు ఏమీ కాదు.

కాబట్టి జెల్, అంటే చీమలు తిని గూటికి మోసుకుపోయే మందు కలిపిన ఎర, అన్నవారిది సరైన దారి. మూడు నెలలకోసారి ఇంటి లోపల స్ప్రే అన్నది ఈ చీమకు పనికిరాదు. పైగా పాప పాకే నేల అంచునే ఆ మందు పడుతుంది.

---

ఎర_పెట్టె:

పై జవాబుకు కొనసాగింపుగా ఎర సంగతి. ఫలితమంతా మోతాదులో ఉంది.

ఎర తిన్న చీమ గూటికి వెళ్లి, తన పొట్టలోని ద్రవాన్ని మిగతా వాటి నోటికి అందించాలి. అది చేతులు మారుతూ రాణి దాకా చేరాలి. అందుకు మందు రెండు మూడు రోజులు తాత్సారం చేసి పనిచేయాలి. తినగానే చస్తే గూటికి ఏమీ చేరదు. అందుకే వృత్తివాళ్లు వాడే చీమల ఎరల్లో మందు శాతం చాలా తక్కువ: థయామెథాక్సామ్ 0.01, ఇండాక్సాకార్బ్ 0.05, ఇమిడాక్లోప్రిడ్ 0.03 శాతం దగ్గర. బొద్దింకల జెల్ తెచ్చి చీమలకు పెట్టకూడదు. దాని ఆహారమూ వేరు, మందు బలమూ వేరు.

ఘోస్ట్ చీమ తీపి ద్రవాన్ని అన్నిటికన్నా ఇష్టంగా తాగుతుంది. బోరిక్ యాసిడ్ ద్రవ ఎర దీనికి బాగా పనిచేస్తుంది. కొలత: 200 మి.లీ. ఎరకు 50 గ్రాముల పంచదార, 1 నుంచి 2 గ్రాముల బోరిక్ యాసిడ్. గోరువెచ్చని నీళ్లలో ముందు బోరిక్ యాసిడ్ పూర్తిగా కరగాలి, తర్వాత పంచదార వేసి, చల్లారాక నీళ్లతో 200 మి.లీ.కి తేవాలి. అంటే మందు అర శాతం నుంచి 1 శాతం, పంచదార 25 శాతం. ఒక టీస్పూను బోరిక్ యాసిడ్ పొడి దాదాపు 4 గ్రాములు తూగుతుంది కాబట్టి చెంచా కొలత మీద ఆధారపడకండి, చిన్న త్రాసు వాడండి. 1 శాతం దాటితే చీమలు దాన్ని ముట్టడం తగ్గిస్తాయి, తాగినవి గూటికి చేరకముందే చస్తాయి. జనం ఎక్కువగా తప్పేది ఇక్కడే: "ఇంకొంచెం వేస్తే ఇంకా బాగా చస్తాయి" అనుకుంటారు. బోరాక్స్ (వెలిగారం) వాడితే దాదాపు ఒకటిన్నర రెట్ల బరువు కావాలి, దానిలో బోరాన్ వంతు తక్కువ.

ఇది విషమే అన్నది మరవకండి. కలపడానికి వంట గిన్నెలు, చెంచాలు వాడొద్దు. సీసా మీద పేరు రాసి తాళం వేసిన చోట పెట్టండి. పాప, పిల్లి ఉన్న ఇంట్లో మూత బిగిసే చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగుకు దగ్గరగా 2 మి.మీ. కంతలు రెండు మూడు పెట్టి, లోపల ఎరలో తడిపిన దూది ఉంచండి. దూది తడిగా ఉండాలి గానీ కంతల్లోంచి కారకూడదు. డబ్బాను రెండు వైపులా అంటుకునే టేపుతో సింకు కింద, చెయ్యి అందని మూలలో అతికించండి. ఇంట్లో కలిపే ఓపిక లేకపోతే తాళం పడే రెడీమేడ్ ఎర పెట్టెలు మేలు. వృత్తివాళ్లయితే రిజిస్టరైన ఎరలనే వాడాలి, ఇంట్లో కలిపింది వాడకూడదు.

జెల్ అయితే కందిగింజంత చుక్కలు, బారు వెంబడి అడుగుకొకటి. బారు మీదే పెట్టకండి, ఒక వేలు పక్కకు పెట్టండి. బారుకు అడ్డుపడితే అవి దారి మార్చుకుంటాయి. ఎండ తగిలే చోట, పొయ్యి వేడి తగిలే చోట జెల్ పైన పొర కట్టి గట్టిపడుతుంది, అప్పుడు చీమ నోటికి అందదు. చేతులకు పురుగుమందు, సిగరెట్ వాసన లేకుండా చూసుకోవాలి.

ఎర పెట్టిన చుట్టుపక్కల స్ప్రే, ఫినాయిల్, ఘాటైన క్లీనర్ ఏదీ వాడకండి. ఇప్పటికే స్ప్రే కొట్టిన అంచులను సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరాక కాస్త దూరంలో కొత్త చోట ఎర పెట్టండి. చీమలు వచ్చి తింటుంటే మొదటి రెండు రోజులు వాటిని తుడవొద్దు. చూడ్డానికి ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఆ గుంపే గూటికి మందు మోస్తోంది.

---

వరండా_మొక్కలు:

ధన్యవాదాలండీ. ద్రవ ఎర డబ్బాలు పెట్టాను. మొదట విరగబడి తాగాయి. తర్వాత సింకు దగ్గర పూర్తిగా ఆగిపోయాయి, కానీ బాత్రూం కిటికీ దగ్గర బారు అలాగే ఉంది, అక్కడి డబ్బా వైపు కూడా చూడటం లేదు. దానికి కారణం ఏమిటి? స్విచ్ బోర్డు దగ్గర ఏం చేయాలి?

---

ఎర_పెట్టె:

సింకు దగ్గర ఆగడం మంచి గుర్తు. డబ్బా తీసేయకండి, ఇంకో రెండు వారాలు ఉంచండి. రాణి చచ్చాక కూడా గుడ్ల నుంచి కొత్త కూలి చీమలు వస్తాయి.

కిటికీ దగ్గర ముట్టకపోవడానికి కారణాలు వరుసగా చూద్దాం. మొదట ఎర వాసన చూడండి. ఉక్కపోతలో పంచదార నీళ్లు మూడు నాలుగు రోజుల్లో పులుస్తాయి, దూదికి బూజు పడుతుంది, చీమలు దాన్ని వదిలేస్తాయి. ఈ వాతావరణంలో మూడు రోజులకోసారి దూదితో సహా మార్చాల్సిందే. ఎర బాగానే ఉంటే, ఆ చట్రం మీద పాత స్ప్రే అంటి ఉండొచ్చు. అదీ కాకపోతే దగ్గర్లో వాటికి వేరే తిండి ఉంది.

నాలుగోది, వాటి ఆకలి మారి ఉండొచ్చు. గూట్లో పిల్లపురుగులు ఎక్కువైతే మాంసకృత్తులు వెతుకుతాయి. పెద్ద చీమ ఘనాహారం మింగలేదు, నోట్లోనే వడగట్టి ద్రవం మాత్రమే లోపలికి తీసుకుంటుంది. గట్టి ఆహారాన్ని జీర్ణం చేసేది పెద్ద పిల్లపురుగులే. దీన్ని పరీక్షించడం తేలిక. చిన్న అట్టముక్క మీద ఒక పక్క తేనె, ఇంకో పక్క వేరుశనగ వెన్న, మూడో పక్క ఉడికిన గుడ్డు సొన తునక పెట్టి బారు పక్కన గంటసేపు ఉంచండి. ఎటు మూగితే ఆ రకం ఎర కావాలి. ఫారో చీమలైతే ఈ పరీక్షను మధ్యమధ్యలో మళ్లీ చేయాలి, వాటి ఇష్టం మారుతూనే ఉంటుంది.

స్విచ్ బోర్డులోకి ఏ ద్రవమూ కొట్టకండి. షాక్, షార్ట్ సర్క్యూట్ రెండూ ప్రమాదమే. బోర్డు బయట, చీమలు దూరే అంచుకు ఒక జానెడు దూరంలో జెల్ చుక్క చాలు. లోపల పొడి మందు చల్లాల్సి వస్తే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ విప్పాకే. క్రేజీ చీమలున్న ఇళ్లలో దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. కరెంటు తగిలి చచ్చిన చీమ విడిచే వాసనకు మిగతావి అక్కడికే వచ్చి పోగవుతాయి, రిలేలు, ఏసీ కాంటాక్టర్లు (కరెంటును కలిపి, ఆపే స్విచ్చుల్లాంటి భాగాలు) పాడవుతాయి.

---

తోట_గట్టు:

ఇప్పటిదాకా చర్చ అంతా గోడ లోపలే జరిగింది. ఈ వాతావరణంలో సగం సమస్య గోడ బయట ఉంటుంది. వాన పడితే నేలలోని గూళ్లలో నీళ్లు నిండి, చీమలు పొడిగా, వెచ్చగా ఉండే చోటు వెతుక్కుంటూ పునాది పగుళ్ల గుండా పైకి వస్తాయి. బాత్రూం కిటికీ బయట ఏముందో చూడండి. నాకు అనుమానం మొక్కల మీదే.

ఆకుల అడుగున పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు ఉంటే అవి విసర్జించే తేనెబంకే చీమలకు రోజువారీ తిండి. అది దొరికినంతకాలం మీ పంచదార నీళ్లు వాటికి అక్కర్లేదు. ముందు ఆ పురుగులను వదిలించండి. పేనుబంకను నీటి ధారతో రాల్చవచ్చు, పిండినల్లికి మొక్కలకని అమ్మే సబ్బు ద్రావణం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. కిటికీకి, గోడకు, కప్పుకు తగిలే కొమ్మలన్నీ కనీసం ఒక అడుగు ఎడం ఉండేలా కత్తిరించండి. ఒక్క కొమ్మ ఆనినా అది వంతెనే. కుండీలను ఎత్తి చూడండి, ఘోస్ట్ చీమలు కుండీ మట్టిలో గూడు కట్టడం చాలా మామూలు. అలాంటి కుండీని పెద్ద బకెట్టు నీళ్లలో మట్టి మునిగేలా అరగంట ఉంచితే చీమలు గుడ్లతో సహా బయటికి వస్తాయి. ఈ పని ఇంటికి దూరంగా చేయాలి, పైకి వచ్చినవాటిని సబ్బునీళ్లతో చంపాలి.

గోడను ఆనుకుని ఆకుల చెత్త, కలప ముక్కలు, మల్చ్ (మొక్కల మొదట్లో నేలపై పరిచే ఆకు, పొట్టు పొర) ఉంటే 30 సెం.మీ. వెడల్పు ఖాళీ పట్టీ వదలండి. ఏసీ నీళ్ల గొట్టం గోడ మొదట్లో కారుతుంటే దాన్ని దూరానికి మళ్లించండి. సింకు కింద చుక్క చుక్కగా కారే పైపు జాయింటు ఉన్నా అంతే, ఎంత మందు పెట్టినా తేమ ఉన్నచోటికి కొత్త గూడు వస్తుంది.

పగుళ్లు మూయడం చివరి పని. బారులు ఆగకముందే సీలెంట్ కొడితే చీమలు లోపల చిక్కుకుని వేరే గదిలో బయటపడతాయి. ఆగాక, పైపులు దూరే కంతలకు, చట్రం అంచులకు సిలికాన్ వేయండి. రంగు వేయాల్సిన చోట అక్రిలిక్ సీలెంట్ వాడాలి, సిలికాన్ మీద రంగు నిలవదు.

ఇంటి చుట్టూ బయట స్ప్రే అవసరమా అంటే, గూళ్లు బయట ఉన్నాయని తేలితే అవసరమే అంటాను. కానీ చీమకు వాసన తెలియని రకం కావాలి, ఫిప్రోనిల్ లాంటిది. మామూలు వాడకం 0.06 శాతం ద్రావణం, గోడ మీద ఒక అడుగు పైకి, నేల మీద ఒక అడుగు బయటికి. లెక్క ఇలా వేయాలి: కావలసిన శాతాన్ని 1000తో గుణించి సీసా మీద ఉన్న శాతంతో భాగిస్తే లీటరుకు ఎన్ని మి.లీ. పోయాలో వస్తుంది. 9.1 శాతం మందైతే 6.6 మి.లీ. దగ్గర. సీసా లేబుల్ వేరే మోతాదు చెబితే లేబుల్ మాటే వినాలి.

---

క్రిమి_పరిశీలన:

తోట_గట్టు గారి మాటతో చాలా వరకు ఏకీభవిస్తాను, చివరి పేరా మీద ఒక్క సవరణ. గూడు గోడ లోపలే ఉంటే బయటి పట్టీ వల్ల ప్రయోజనం తక్కువ. చీమలు ఆ పట్టీ దాటే అవసరమే ఉండదు. ముందు ఎర, రెండు వారాల తర్వాత తనిఖీ, అప్పటికీ బయట నుంచి బారు లోపలికి వస్తుంటేనే స్ప్రే. ఫిప్రోనిల్ తేనెటీగలకు, నీటి జీవులకు తీవ్రమైన విషం. పూలున్న మొక్కల మీద పడకూడదు, వాన సూచన ఉన్న రోజు కొట్టకూడదు, కాలువ, మురుగు మూత దగ్గర కొట్టకూడదు. చీమల కోసం ఇంటి లోపల పిచికారీ చేయడానికి ఇది కాదు. ఇంటి చుట్టూ పైరిథ్రాయిడ్ మందు పట్టీ కొడతామంటే ఒప్పుకోకండి. ఎండకు కాగే కాంక్రీటు మీద అది త్వరగా విరిగిపోతుంది, నిలిచినన్నాళ్లూ లోపలి చీమలను లోపలే బంధిస్తుంది.

పనివాళ్లను అడగాల్సినవి: మందు అసలు పేరు, శాతం, ఎక్కడెక్కడ పెడతారు, ఎన్ని రోజులకు మళ్లీ వస్తారు. రెండోసారి రావడం ఒప్పందంలో లేకపోతే ఆ పని సగమే. ఘోస్ట్ చీమల బారు వారంలోపు పలచబడాలి. ఫారో చీమలకు వారాల తరబడి పడుతుంది, అపార్ట్‌మెంటులో అయితే పక్క ఇళ్లలో కూడా ఒకేసారి ఎర పెట్టాలి.

---

మెట్ల_కింద:

ఇదే చర్చలో అడుగుతున్నాను. వాన వెలిసిన సాయంత్రం కిటికీ దగ్గర రెక్కల పురుగులు రాలాయి. చీమలా, చెదలా? తలుపు చట్రం కింద సన్నటి రంపపు పొట్టు కూడా పడుతోంది.

---

చెక్కపని:

ఒకదాన్ని తిరగేసి చూడండి. నడుము సన్నగా, మీసాలు మోచేయిలా వంగి, ముందు రెక్కలు వెనకవాటికన్నా పొడుగ్గా ఉంటే రెక్కల చీమ. నడుము లేకుండా ఒకే మందంగా, మీసాలు పూసలు గుచ్చినట్టు నిటారుగా, నాలుగు రెక్కలూ సమానంగా ఉంటే ఉసిళ్లు, అంటే చెదలు. రాలిన రెక్కల కుప్ప మాత్రమే ఉండి పురుగులు లేకపోతే చెదల అనుమానమే ఎక్కువ. అది వేరే వైద్యం, ఆలస్యం చేయకుండా చెదల తనిఖీకి పిలవండి.

రంపపు పొట్టును భూతద్దంతో చూడండి. పొట్టులో చచ్చిన పురుగుల కాళ్లు, తలలు కలిసి ఉంటే అవి కలపలో గూడు కట్టే కార్పెంటర్ చీమలు. 6 నుంచి 12 మి.మీ. పొడవుంటాయి, రాత్రిపూట తిరుగుతాయి. ఇవి కలపను తినవు, తొలిచి పొట్టును బయట పోస్తాయి. ఒకే కొలతలో ఉన్న గట్టి గింజల్లాంటి రవ్వ పడితే మాత్రం అది పొడి కలప చెదల పని.

కార్పెంటర్ చీమల తల్లి గూడు తడిసిన కలపలో ఉంటుంది, ఎందుకంటే గుడ్లకు తేమ కావాలి. కాస్త ఎదిగిన పిల్లలతో ఉండే ఉపగూళ్లు పొడి చోట్ల కూడా ఉంటాయి. మీరు చూస్తున్న చట్రం ఉపగూడు కావచ్చు, కాబట్టి దాన్నొక్కదాన్నే పొడి మందుతో నింపి వదలకండి. సూర్యాస్తమయం తర్వాత ఎర్ర కాగితం చుట్టిన టార్చితో అవి ఎటు వెళ్తున్నాయో వెంబడించండి, మామూలు వెలుతురుకు అవి చెదిరిపోతాయి. స్క్రూడ్రైవర్ వెనకతో చెక్కను కొట్టుకుంటూ పోతే బోలు శబ్దం వచ్చే చోట తెలుస్తుంది. అక్కడ 3 మి.మీ. రంధ్రం వేసి, గాలి బుడ్డితో డెల్టామెథ్రిన్ 0.05 శాతం పొడిని సన్నగా ఊదాలి. కుక్కి నింపితే చీమలు దాన్ని తప్పించుకుని పక్కగా నడుస్తాయి. తడి కలపలో ఏ పొడి అయినా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. అందుకే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఆపి, నానిన చెక్కను మార్చి, ఆరాకే మందు ఊదాలి. మీ తలుపు చట్రం విషయంలో మొదట చూడాల్సింది దాని వెనక గోడలోని నీళ్ల పైపు.